ఇంగ్లీషు అడ్జెక్టివ్‌లు ఎన్ని రకాలో లెక్క ఎందుకు తేలదు

ఇంగ్లీషులో అడ్జెక్టివ్‌లు ఎన్ని రకాలు అని ఒక గ్రామర్ పుస్తకం తెరిస్తే ఐదు అని ఉంటుంది, ఇంకో దాంట్లో ఎనిమిది, ఆన్‌లైన్‌లో వెతికితే పది దాటిన లిస్టులు కూడా దొరుకుతాయి. పరీక్షకు చదివేవాళ్లకు ఇదో టెన్షన్, ఏ లెక్క రాయాలో అర్థం కాదు. నిజానికి ఈ లెక్కల్లో ఏదీ తప్పు కాదు, అలాగని ఏదీ పూర్తిగా సరిపోదు కూడా. రెండు వేరు వేరు జాతుల మాటల్ని ఒకే సంచిలో పోసి, ఆ తర్వాత ఎవరికి తోచినట్టు వాళ్లు కుప్పలు పెట్టుకున్నారు కాబట్టే కుప్పల లెక్క పుస్తకానికో తీరుగా ఉంటుంది.

ఆ రెండు జాతులు ఏమిటో చూడటానికి రెండు చిన్న మాటలు చాలు. 'టాల్ బాయ్' అన్నప్పుడు 'టాల్' ఆ అబ్బాయి ఎలా ఉంటాడో చెబుతోంది. 'దట్ బాయ్' అన్నప్పుడు 'దట్' అబ్బాయి గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు, పొడుగా పొట్టా, మంచివాడా కాదా ఏమీ తెలియదు, ఏ అబ్బాయి గురించి మాట్లాడుతున్నామో వేలు పెట్టి చూపిస్తుందంతే. ఒకటి వర్ణించేది, ఇంకోటి తేల్చేది. రెండూ నామవాచకం ముందే కూర్చుంటాయి కాబట్టి పాత గ్రామర్లు రెంటినీ విశేషణాలే అన్నాయి. కానీ వీటి నడవడిక ఒకటి కాదు, ఇంగ్లీషు నేర్చుకునే తెలుగువాళ్లు చేసే తప్పుల్లో చాలావరకు ఈ తేడా దగ్గరే పుడతాయి.

ఈ కలగాపులగానికి కొంత చరిత్ర ఉంది. 'అడ్జెక్టివ్' అన్న పేరు లాటిన్ నుంచి వచ్చింది, పక్కన చేర్చినది అని దాని అర్థం. లాటిన్‌లో విశేషణం కూడా నామవాచకంలాగే విభక్తి ప్రత్యయాలు తగిలించుకుంటుంది కాబట్టి అక్కడి వ్యాకరణాల్లో అది నామవాచకంలోనే ఒక రకం. మొదట్లో ఇంగ్లీషుకు వ్యాకరణం రాసినవాళ్లు చాలామంది ఆ లాటిన్ అచ్చునే తెచ్చి ఇంగ్లీషు మీద పెట్టారు. 1762లో రాబర్ట్ లోత్ రాసిన వ్యాకరణం వచ్చేసరికి అడ్జెక్టివ్ నామవాచకం నుంచి విడిపోయి సొంత భాషాభాగంగా నిలబడింది. తర్వాత 1933లో అమెరికన్ భాషాశాస్త్రవేత్త లియోనార్డ్ బ్లూమ్‌ఫీల్డ్ విశేషణాల్ని వర్ణించేవి, పరిమితం చేసేవి అని రెండుగా చీల్చి, రెండో గుంపులో కొన్నింటికి 'డిటర్మినర్', అంటే తేల్చేది, అన్న పేరు వాడాడు. ఇవాళ్టి భాషాశాస్త్ర గ్రంథాల్లో డిటర్మినర్లది పూర్తిగా వేరే తరగతి, స్కూలు పుస్తకాలు మాత్రం చాలావరకు పాత సంచినే మోస్తున్నాయి.

స్కూలు లిస్టు ఇలా సాగుతుంది. గుణం చెప్పేవి: 'టాల్', 'హానెస్ట్', 'రెడ్'. పరిమాణం చెప్పేవి: 'మచ్', 'లిటిల్', 'ఇనఫ్'. సంఖ్య చెప్పేవి: 'టూ', 'థర్డ్', 'మెనీ'. చూపించేవి: 'దిస్', 'దోజ్'. ప్రశ్నించేవి: 'విచ్', 'వాట్', 'హూజ్'. ఎవరిదో చెప్పేవి: 'మై', 'దెయిర్'. విడివిడిగా చెప్పేవి: 'ఈచ్', 'ఎవ్రీ', 'ఐదర్'. ఊరి పేరు, దేశం పేరు, మనిషి పేరు నుంచి పుట్టినవి: 'ఇండియన్', 'విక్టోరియన్'. ఇవి కాక నొక్కి చెప్పేవి, ఆశ్చర్యానికి వాడేవి అని ఒకటి రెండు మాటల కోసం తెరిచిన చిన్న చిన్న ఖాతాలు. ఇందులో మొదటిదీ, పేర్ల నుంచి పుట్టినవీ వర్ణించే జాతి. మిగతావి దాదాపు అన్నీ తేల్చే జాతి. అంటే లిస్టులో ఎక్కువ గదులు చిన్న జాతికే ఇచ్చారు, వేలకొద్దీ మాటలున్న వర్ణించే జాతిని మాత్రం ఒకటి రెండు గదుల్లో కుక్కారు.

ఒక మాట ఏ జాతిదో తేల్చుకోవడానికి గట్టి పరీక్షలు ఉన్నాయి. ముందు 'వెరీ' పెట్టి చూడొచ్చు: 'వెరీ టాల్' కుదురుతుంది, 'వెరీ దట్' కుదరదు. 'ఈజ్' తర్వాత పెట్టి చూడొచ్చు: 'ద బాయ్ ఈజ్ టాల్' సరే, 'ద బాయ్ ఈజ్ ఎవ్రీ' అంటే అర్థమే లేదు. అన్నిటికన్నా గట్టి పరీక్ష మరొకటి ఉంది. ఇంగ్లీషులో లెక్కపెట్టగల వస్తువు ఏకవచనంలో ఉంటే దాని ముందు మామూలుగా తేల్చే మాట ఒకటి ఉండాలి. 'బుక్ ఈజ్ ఆన్ ద టేబుల్' తప్పు. సరే, విశేషణం ఒకటి పెడదాం అని 'గుడ్ బుక్ ఈజ్ ఆన్ ద టేబుల్' అంటే అదీ తప్పే. 'మై బుక్', 'దట్ బుక్', 'ద బుక్', 'ఎ బుక్' ఇందులో ఏది పెట్టినా వాక్యం నిలబడుతుంది. 'గుడ్' చేయలేని పనిని 'మై' చేసింది. రెండూ ఒకే తరగతి అయితే ఇలా జరగకూడదు.

తెలుగులో ఈ నిబంధన లేదు. 'పుస్తకం టేబుల్ మీద ఉంది' అంటే చాలు, 'మంచి పుస్తకం ఉంది' అన్నా చాలు. అందుకే ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు మంచి విశేషణం ఒకటి దొరకగానే ఇక 'ఎ' గానీ 'ద' గానీ అక్కర్లేదన్న భావన లోపల ఎక్కడో కలుగుతుంది. 'హి ఈజ్ గుడ్ టీచర్' అనే వాక్యం వెనక ఉన్నది అదే. ఇలాంటి చోట ఆర్టికల్ మర్చిపోయారు అనడం కన్నా, వర్ణించే మాటకు తేల్చే మాట పని అప్పగించారు అనడం ఎక్కువ సరైన మాట.

ఇంకో తేడా. వర్ణించే మాటలు ఎన్నయినా వరసగా పేర్చొచ్చు, కానీ నడి కుర్చీలో కూర్చునే తేల్చే మాటలు ఒకదాన్ని ఒకటి కూర్చోనివ్వవు. తెలుగులో 'నా ఈ పుస్తకం' చక్కగా అంటాం. ఇంగ్లీషులో 'మై దిస్ బుక్' అంటే కుదరదు, ఎందుకంటే 'మై', 'దిస్' రెండింటికీ కుర్చీ ఒకటే. రెండూ చెప్పాల్సి వస్తే 'దిస్ బుక్ ఆఫ్ మైన్' అని ఒకదాన్ని వెనక్కి పంపాలి. ఆ నడి కుర్చీకి ముందు ఇంకో కుర్చీ ఉంది, అందులో 'ఆల్', 'బోత్', 'హాఫ్' కూర్చుంటాయి. వెనక మరో కుర్చీలో అంకెలు, 'మెనీ', 'ఫ్యూ' లాంటివి. 'ఆల్ దీజ్ మెనీ ఇయర్స్' అన్న మాటలో మూడు కుర్చీలూ నిండాయి. ఈ మూడు కుర్చీల బొమ్మ ఒకసారి మనసులో పడితే, పరిమాణమా సంఖ్యా చూపించేదా అని పేర్లు బట్టీ పట్టే శ్రమ సగం తగ్గుతుంది.

ఇంగ్లీషు విశేషణం ఏకవచనానికీ బహువచనానికీ మారదని, అందులో అది తెలుగు లాంటిదేనని చెబుతుంటారు. 'గుడ్ బాయ్', 'గుడ్ గర్ల్స్', అచ్చం 'మంచి అబ్బాయి', 'మంచి అమ్మాయిలు' లాగే. కానీ 'దిస్', 'దట్' మాత్రం మారతాయి: 'దిస్ బుక్', 'దీజ్ బుక్స్'. తెలుగులో 'ఈ పుస్తకం', 'ఈ పుస్తకాలు' రెండింటికీ 'ఈ' ఒకటే కాబట్టి 'దిస్ బుక్స్' అన్న తప్పు నోటికి సులువుగా వచ్చేస్తుంది. 'మచ్', 'మెనీ' తేడా కూడా ఇలాంటిదే, లెక్కపెట్టగలిగితే 'మెనీ', కొలవాల్సిందైతే 'మచ్'. తెలుగులో రెండింటికీ 'చాలా' చాలు.

ఈ గుంపులో కాసేపు ఆగి చూడాల్సిన జంట 'ఫ్యూ', 'ఎ ఫ్యూ'. 'ఎ ఫ్యూ పీపుల్ కేమ్' అంటే కొంతమంది వచ్చారు. 'ఫ్యూ పీపుల్ కేమ్' అంటే పెద్దగా ఎవరూ రాలేదు. వచ్చినవాళ్ల సంఖ్య రెండు సందర్భాల్లోనూ పది కావచ్చు. మారింది సంఖ్య కాదు, చెప్పేవాడి మనసు. తెలుగులో ఈ పని క్రియ చేస్తుంది, 'వచ్చారు' అంటామా 'రాలేదు' అంటామా అన్నదాన్ని బట్టి తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఒక్క 'ఎ' అక్షరం మీద ఆ బరువంతా పెట్టారు. 'లిటిల్', 'ఎ లిటిల్' కూడా అంతే: 'లిటిల్ హోప్' అంటే ఆశ లేనట్టే, 'ఎ లిటిల్ హోప్' అంటే కాస్త ఉన్నట్టు. పైగా 'లిటిల్'కి రెండు జాతుల్లోనూ చుట్టరికం ఉంది. 'లిటిల్ వాటర్'లో అది కొలత, 'లిటిల్ బాయ్'లో అది వర్ణన. ఒక మాటకు ఒకే రకం అని రాసిపెట్టుకుంటే ఇక్కడ దెబ్బ తింటారు. రకం అనేది మాటకు పుట్టుకతో వచ్చేది కాదు, ఆ వాక్యంలో అది చేసే పనిని బట్టి వచ్చేది.

మిగతావి త్వరగా చూసేయొచ్చు. 'ఈచ్' ఒక్కొక్కటిగా చూస్తుంది, 'ఎవ్రీ' ఒక్కటీ వదలకుండా అందరినీ కలుపుతుంది, రెంటి తర్వాతా ఏకవచనమే. 'ఈచ్ ఆఫ్ దెమ్' అనొచ్చు, 'ఎవ్రీ ఆఫ్ దెమ్' అనకూడదు. ముందే కొన్ని ఎదురుగా ఉంటే 'విచ్', హద్దు లేకుండా అడిగితే 'వాట్'. ఆశ్చర్యానికి 'వాట్ ఎ వ్యూ', దానికొక ప్రత్యేక రకం పెట్టడం కాస్త అతి. నొక్కి చెప్పే 'వెరీ' మాత్రం సరదా మాట: 'దిస్ వెరీ బుక్' అంటే 'ఈ పుస్తకమే'. తెలుగులో చివర తగిలించే 'ఏ' చేసే పని అక్కడ ఒక పూర్తి మాట చేస్తోంది.

ఇక వర్ణించే జాతి దగ్గరికి వస్తే అసలు వైవిధ్యం అంతా ఇక్కడే ఉంది, పుస్తకాలు మాత్రం దీన్నంతా 'గుణం' అనే ఒక్క పేరుతో ముగిస్తాయి. ఇందులో మొదట చూడాల్సింది, ఆ గుణం ఎక్కువ తక్కువలు కాగలదా లేదా అన్నది. 'హాట్', 'టాల్', 'రిచ్' ఎంతయినా పెరగొచ్చు, తగ్గొచ్చు. 'యాన్యువల్', 'ఎలక్ట్రికల్', 'మెడికల్' పెరగవు. ఒక రిపోర్టు వార్షికం అయితే అయింది, లేకపోతే లేదు, 'వెరీ యాన్యువల్ రిపోర్ట్' ఉండదు. ఇవి గుణం చెప్పేవి కావు, ఏ వర్గానిదో చెప్పేవి. ఒకే మాట రెండు వేషాలూ వేయగలదు. 'క్రిమినల్ లాయర్' అంటే మామూలుగా నేరాల కేసులు వాదించే లాయరు. అదే మాటను వాక్యం చివరకు జరిపి 'ద లాయర్ ఈజ్ క్రిమినల్' అంటే లాయరే నేరస్థుడైపోతాడు. వర్గం చెప్పే అర్థం నామవాచకం ముందు కూర్చున్నంతసేపే బతుకుతుంది, జరిపితే గుణం అర్థం పైకి లేస్తుంది.

కొన్ని మాటల్లో 'చాలా' అన్న భావం ముందే ఇమిడి ఉంటుంది. 'ఫ్యూరియస్' అంటేనే విపరీతమైన కోపం, 'ఎక్సలెంట్' అంటేనే చాలా బాగుండటం. వీటికి మళ్లీ 'వెరీ' తగిలిస్తే చెవికి అతకదు, 'యాబ్సొల్యూట్లీ' అతుకుతుంది. 'పర్ఫెక్ట్', 'యునీక్' లాంటి వాటికి 'మోర్' పెట్టకూడదని కొందరు పట్టుబడతారు, తర్కం ప్రకారం అది నిజమే, కానీ 1787లో రాసిన అమెరికా రాజ్యాంగం పీఠికలోనే 'మోర్ పర్ఫెక్ట్ యూనియన్' అని ఉంది. భాష తర్కానికి ఎంతవరకు లొంగుతుందో అంతవరకే లొంగుతుంది.

పోలిక చెప్పడంలో తెలుగుకీ ఇంగ్లీషుకీ ఉన్న దూరం చాలా ఎక్కువ. తెలుగులో 'అన్న కంటే తమ్ముడు పొడుగు' అంటాం. 'పొడుగు' అన్న మాట చెక్కు చెదరదు, పోలిక భారం అంతా 'కంటే' మోస్తుంది. ఇంగ్లీషులో 'దాన్' ఒక్కటే ఆ భారం మోయలేదు, విశేషణం కూడా మారాలి: 'టాలర్ దాన్'. అందుకే 'హి ఈజ్ టాల్ దాన్ మి' అన్నది తెలుగు నోటికి ఎంతో సహజంగా వస్తుంది. ఆ తప్పు దిద్దుకునే ప్రయత్నంలో కొందరు ఇంకో చివరకు వెళ్లి 'మోర్ టాలర్' అంటారు. ఇప్పుడది తప్పే గానీ, షేక్‌స్పియర్ కాలం నాటి ఇంగ్లీషులో అలాంటి జంట పోలికలు మామూలే, ఆయన నాటకాల్లో కూడా కనిపిస్తాయి. మాట చిన్నదైతే చివర 'అర్', 'ఎస్ట్' చేరతాయి, మూడు అక్షరోచ్చారణలు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ముందు 'మోర్', 'మోస్ట్' వస్తాయి, మధ్యలో ఉన్న 'క్లెవర్', 'సింపుల్', 'నారో' లాంటివి రెండు పద్ధతులకూ ఒప్పుకుంటాయి. 'సీనియర్', 'జూనియర్', 'సుపీరియర్', 'ఇన్‌ఫీరియర్' మాత్రం దారి వేరు. ఇవి లాటిన్‌లో ముందే పోలిక రూపాలు, అలాగే ఇంగ్లీషులోకి వచ్చి పడ్డాయి. వీటికి 'మోర్' అక్కర్లేదు, తర్వాత 'దాన్' రాదు, 'టు' వస్తుంది: 'షి ఈజ్ సీనియర్ టు మి'.

క్రియల నుంచి పుట్టే విశేషణాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఉండాలి, ఎందుకంటే నవ్వు తెప్పించే తప్పులు ఇక్కడే ఎక్కువ. 'ఐ యామ్ బోరింగ్' అని ఒకరు అన్నారంటే వాళ్లు చెప్పదలుచుకున్నది 'నాకు బోర్ కొడుతోంది' అని. కానీ ఇంగ్లీషు విన్నవాళ్లకు అందేది 'నేను పరమ బోర్ మనిషిని' అని. 'ఇంగ్' రూపం ఆ భావాన్ని పుట్టించేదాన్ని వర్ణిస్తుంది, 'ఎడ్' రూపం ఆ భావాన్ని అనుభవించేవాళ్లని వర్ణిస్తుంది. క్లాసు 'బోరింగ్', వినేవాళ్లు 'బోర్డ్'. లెక్క 'కన్‌ఫ్యూజింగ్', చేసేవాళ్లు 'కన్‌ఫ్యూజ్డ్'. తెలుగులో ఈ తేడాను విశేషణం చెప్పదు, 'నాకు' అన్న మాట చెబుతుంది. 'నాకు కన్‌ఫ్యూజింగ్‌గా ఉంది', 'నాకు ఇంట్రెస్టింగ్‌గా ఉంది' అన్నప్పుడు 'నాకు' ఉంది కాబట్టి అనుభవించేది ఎవరో తెలిసిపోతుంది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు 'నాకు' కాస్తా 'ఐ' అయి కర్త స్థానంలోకి వెళ్లిపోతుంది, వెనక 'ఇంగ్' మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది, అర్థం తిరగబడుతుంది.

అదే రెండు రూపాలు ఇంకో రకం క్రియలతో వచ్చినప్పుడు తెలుగువాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. 'ఫాలింగ్ లీవ్స్' అంటే రాలుతున్న ఆకులు, 'ఫాలెన్ లీవ్స్' అంటే రాలిన ఆకులు. 'డెవలపింగ్ కంట్రీ' అభివృద్ధి చెందుతున్న దేశం, 'డెవలప్డ్ కంట్రీ' అభివృద్ధి చెందిన దేశం. జరుగుతున్నదా, జరిగిపోయిందా అన్న ఈ తేడా తెలుగు క్రియాజన్య విశేషణాల్లో అచ్చుగుద్దినట్టు ఉంది. అంటే రూపాలు కష్టం కాదు, 'నాకు' అన్న మాటను ఇంగ్లీషులో ఎక్కడ పెట్టాలన్నదే కష్టం.

ఇలాంటిదే మరో పేచీ 'గా'తో వస్తుంది. తెలుగులో 'గా' చేరిస్తే మాట క్రియా విశేషణం అవుతుందని, ఇంగ్లీషులో దానికి సమానం 'లీ' అని అందరికీ అలవాటైన సూత్రం. 'నెమ్మదిగా నడిచాడు' అంటే 'స్లోలీ' నడిచాడు, బాగానే ఉంది. కానీ 'ఇల్లు అందంగా కనిపిస్తోంది' అన్నదాన్ని అదే సూత్రంతో మారిస్తే 'ద హౌస్ లుక్స్ బ్యూటిఫుల్లీ' వస్తుంది, అది తప్పు. అందం ఇంటిది, కనిపించే తీరుది కాదు. అందుకని అక్కడ విశేషణమే రావాలి, 'లుక్స్ బ్యూటిఫుల్'. 'లుక్', 'సౌండ్', 'స్మెల్', 'టేస్ట్', 'ఫీల్', 'సీమ్' లాంటి క్రియలు చాలావరకు 'ఈజ్' వేసుకున్న వేషాలే. ఆ చోట 'ఈజ్' పెట్టి చూసినా వాక్యం నిలబడితే 'లీ' అక్కర్లేదు. ఇంకో చిక్కు ఏమిటంటే, చివర 'లీ' ఉన్నంత మాత్రాన మాట క్రియా విశేషణం కానక్కర్లేదు. 'ఫ్రెండ్లీ', 'లవ్లీ', 'లోన్లీ', 'కాస్ట్లీ' విశేషణాలు. 'హార్డ్‌లీ' అయితే మరీ మోసం, దానికీ 'హార్డ్'కీ అర్థంలో పొత్తే లేదు: 'హి వర్క్స్ హార్డ్' అంటే కష్టపడతాడు, 'హి హార్డ్‌లీ వర్క్స్' అంటే పనే చేయడు.

అన్ని విశేషణాలూ నామవాచకం ముందూ, 'ఈజ్' తర్వాతా రెండు చోట్లా కూర్చోగలవని అనుకుంటాం. కొన్ని కూర్చోవు. 'మెయిన్', 'మియర్', 'అట్టర్', మాజీ అన్న అర్థంలో వచ్చే 'ఫార్మర్' (తెలుగు లిపిలో రాస్తే రైతులా కనిపిస్తుంది, ఏం చేస్తాం) ఇవి ముందు మాత్రమే వస్తాయి. 'ద రీజన్ ఈజ్ మెయిన్' అనరు. దీనికి ఎదురు గుంపు 'అస్లీప్', 'అలైవ్', 'అవేక్', 'అఫ్రెయిడ్', 'అలోన్'. ఇవి తర్వాత మాత్రమే వస్తాయి. 'ద బాయ్ ఈజ్ అస్లీప్' సరైనది, 'అస్లీప్ బాయ్' కాదు, 'స్లీపింగ్ బాయ్' అనాలి.

ఈ 'అ' గుంపు ఎందుకిలా మొండికేస్తుందో తెలుసుకుంటే ఇక మర్చిపోవడం ఉండదు. 'అస్లీప్', 'అలైవ్' పుట్టుకతో విశేషణాలు కావు. పాత ఇంగ్లీషులో 'ఆన్' అనే విభక్తి లాంటి మాట నిద్ర, జీవం అన్న మాటల ముందు చేరి, 'నిద్రలో', 'ప్రాణంతో' అన్న అర్థం ఇచ్చేది. వాడగా వాడగా ఆ 'ఆన్' అరిగిపోయి 'అ' మిగిలింది. ఇప్పుడు తెలుగులో చూడండి. 'పిల్లాడు నిద్రలో ఉన్నాడు' అంటాం. 'నిద్రలో పిల్లాడు' అనం, మధ్యలో 'ఉన్న' కావాలి, లేదంటే 'నిద్రపోతున్న పిల్లాడు' అనాలి. కారణం రెండు భాషల్లోనూ ఒకటే, ఇలా విభక్తి తగిలిన మాటను మామూలుగా తిన్నగా తీసుకెళ్లి నామవాచకం ముందు కూర్చోబెట్టలేం. 'అఫ్రెయిడ్' పుట్టుక వేరు, అదొక పాత క్రియ నుంచి వచ్చిన 'ఎడ్' రూపం. 'అలోన్' అంటే 'ఆల్', 'వన్' కలిసిపోయిన మాట. పోలిక చూసి ఇవి కూడా ఆ గుంపులో చేరిపోయాయి.

విశేషణం తర్వాత వచ్చే చిన్న మాటల దగ్గర కూడా తెలుగు తొంగి చూస్తుంది. 'నా మీద కోపం' కాబట్టి 'యాంగ్రీ ఆన్ మి', 'ఆయనతో పెళ్లయింది' కాబట్టి 'మ్యారీడ్ విత్ హిమ్'. ఇంగ్లీషులో 'యాంగ్రీ విత్', 'మ్యారీడ్ టు'. దీనికి సూత్రం వెతకడం వృథా. 'ఇంట్రెస్టెడ్ ఇన్', 'గుడ్ ఎట్', 'అఫ్రెయిడ్ ఆఫ్' అని ఆ రెండు మాటల్నీ ఒకే మాటగా నేర్చుకోవడమే దారి.

వర్ణించే మాటలు వరసగా నాలుగైదు వస్తే వాటి క్రమం గురించి ఇంగ్లీషు పుస్తకాల్లో ఒక పొడుగాటి పట్టిక ఉంటుంది: అభిప్రాయం, సైజు, వయసు, ఆకారం, రంగు, పుట్టుక, పదార్థం, ప్రయోజనం. చూడగానే భయం వేస్తుంది, కానీ తెలుగువాళ్లకు ఈ పట్టికతో పెద్దగా పని లేదు. 'రెండు అందమైన పాత ఎర్ర చెక్క పెట్టెలు' అన్న మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెడితే 'టూ లవ్లీ ఓల్డ్ రెడ్ వుడెన్ బాక్సెస్' వస్తుంది, ఒక్క మాట కూడా జరపాల్సిన పని లేదు. 'చెక్క ఎర్ర పాత అందమైన రెండు పెట్టెలు' అని తెలుగులో అంటే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో ఇంగ్లీషులోనూ అంతే. వస్తువు నుంచి విడదీయలేని లక్షణం దాని పక్కన ఆనుకుని ఉంటుంది, చూసేవాళ్ల అభిప్రాయం దూరంగా ఉంటుంది. పెట్టె చెక్కదన్నది మారదు, అందమైనదా కాదా అన్నది చూసే కంటిని బట్టి మారుతుంది. మధ్యలో కామా పెట్టాలా వద్దా అన్న సందేహానికి కూడా ఇక్కడే జవాబు దొరుకుతుంది: రెండు మాటల్ని అటూ ఇటూ మార్చినా, మధ్యలో 'అండ్' పెట్టినా చెడకపోతే కామా పెట్టొచ్చు. 'లాంగ్, టైరింగ్ జర్నీ'కి కామా ఉంటుంది, 'ఓల్డ్ స్టోన్ వాల్'కి ఉండదు.

ఆ చివరి మాటలో 'స్టోన్' అసలు విశేషణమే కాదు, నామవాచకం వచ్చి విశేషణం పని చేస్తోంది. ఇలా వచ్చినప్పుడు అది మామూలుగా ఏకవచనంలోనే ఉంటుంది. 'ఐదేళ్ల ప్రణాళిక', 'పది పేజీల ఉత్తరం' అని తెలుగులో బహువచనం వాడతాం కాబట్టి 'ఫైవ్ ఇయర్స్ ప్లాన్', 'టెన్ పేజెస్ లెటర్' వచ్చేస్తాయి. ఇంగ్లీషులో 'ఫైవ్-ఇయర్ ప్లాన్', 'టెన్-పేజ్ లెటర్'. మధ్యలో ఆ చిన్న గీత కూడా ముఖ్యమే. 'మ్యాన్-ఈటింగ్ ఫిష్' అని గీత పెడితే మనిషిని తినే చేప, గీత తీసేస్తే చేపను తింటున్న మనిషి. ఇక పేర్ల నుంచి పుట్టిన 'ఇండియన్', 'జపనీస్', 'న్యూటోనియన్' లాంటివి ఎప్పుడూ పెద్ద అక్షరంతో మొదలవ్వాలి, తెలుగు లిపిలో పెద్ద అక్షరాలు లేవు కాబట్టి ఈ అలవాటు విడిగా చేసుకోవాల్సిందే.

విశేషణం ఒక్కోసారి నామవాచకం కుర్చీలోనే కూర్చుంటుంది. 'ద పూర్' అంటే పేదలు, 'ద రిచ్' అంటే ధనవంతులు. చివర బహువచనం గుర్తు లేకపోయినా ఇవి బహువచనాలే, 'ద పూర్ ఆర్' అనాలి. ఒక్కరి గురించి చెప్పాలంటే 'ఎ పూర్' అనడం కుదరదు, 'ఎ పూర్ మ్యాన్' అనాలి. తెలుగులో 'పేదవాడు', 'పేదది', 'పేదలు' అని విశేషణానికే ప్రత్యయం తగిలించి ఎవరినైనా, ఎందరినైనా చెప్పేస్తాం. ఇంగ్లీషు విశేషణానికి ఆ సౌకర్యం లేదు.

చోటు మారితే అర్థం మారే మాటలు కొన్ని ఉన్నాయి. 'ఓల్డ్ ఫ్రెండ్' అంటే పాత స్నేహితుడు, వయసు ఇరవై కావచ్చు. 'మై ఫ్రెండ్ ఈజ్ ఓల్డ్' అంటే ముసలివాడు. 'ద లేట్ ప్రెసిడెంట్' అంటే చనిపోయిన అధ్యక్షుడు, 'ద ప్రెసిడెంట్ ఈజ్ లేట్' అంటే ఆయన బతికే ఉన్నాడు, రావడం ఆలస్యమైంది, అంతే. 'ద ప్రెజెంట్ మెంబర్స్' ఇప్పుడు పదవిలో ఉన్న సభ్యులు, 'ద మెంబర్స్ ప్రెజెంట్' ఆ మీటింగుకు వచ్చిన సభ్యులు. ఇలా నామవాచకం వెనక నిలబడే విశేషణాలు కొన్ని ఫ్రెంచ్ ప్రభావంతో వచ్చాయి, 'సెక్రటరీ జనరల్', 'కోర్ట్ మార్షల్' లాంటివి, అందుకే 'సెక్రటరీస్ జనరల్' అని బహువచనం మొదటి మాటకు చేరుతుంది. 'సమ్‌థింగ్', 'ఎనీథింగ్', 'నోబడీ' లాంటి మాటలకు కూడా విశేషణం వెనకే వస్తుంది, 'సమ్‌థింగ్ న్యూ' అంటారు గానీ 'న్యూ సమ్‌థింగ్' అనరు.

ఆఫీసు ఉత్తరాల్లో తరచూ కనిపించే 'కన్సర్న్డ్ ఆఫీసర్' కూడా ఈ కోవలోదే. రాసేవాళ్ల ఉద్దేశం 'సంబంధిత అధికారి' అని. ఆ వరస తెలుగులోనూ సహజం కాబట్టి చెయ్యి అలాగే రాసేస్తుంది, ఇక్కడి ఇంగ్లీషులో అది స్థిరపడిపోయింది కూడా. బ్రిటిష్, అమెరికన్ పాఠకులకు మాత్రం 'కన్సర్న్డ్' ముందుంటే మొదట తోచేది ఆందోళనలో ఉన్న అధికారి అని. వాళ్లకు సంబంధిత అధికారి అని అర్థం కావాలంటే 'ద ఆఫీసర్ కన్సర్న్డ్' అని రాయాలి.